స్ప్రింగ్ తెగిన రోజు నుంచి కొత్త తలుపు దాకా: మా గ్యారేజ్ డోర్‌తో మూడు నెలలు

జనవరి 9. తెల్లవారుజామున ఐదున్నర దాటాక గ్యారేజ్‌లోంచి తుపాకీ పేలినట్టు ఒక్కటే దెబ్బ, ఆ వెంటనే ఇనుము గలగలమన్న చప్పుడు. మా ఆయన ఊళ్లో లేరు. పక్క గదిలోంచి ఎనిమిదేళ్ల మా బాబు పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. లైట్ వేసి గ్యారేజ్ అంతా చూశాను. కారు బాగానే ఉంది, అరల్లో డబ్బాలు అలాగే ఉన్నాయి, తలుపు మూసే ఉంది. ఏమీ అర్థం కాక మళ్లీ వెళ్లి పడుకున్నాం కానీ ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఏడున్నరకి స్కూల్‌కి బయల్దేరి బటన్ నొక్కాను. మోటార్ మూలిగింది. తలుపు జానెడు లేచి, ఆగి, మళ్లీ కిందికి వచ్చేసింది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ అంతే. టైమ్ అయిపోతోందన్న కంగారులో మొత్తం నాలుగైదు సార్లు నొక్కి ఉంటాను. అలా నొక్కడం వల్ల ఏమైందో తర్వాత చెప్తాను.

అప్పుడు తల పైకెత్తి చూశాను. తలుపు పైన గోడ పొడవునా ఒక ఇనప కడ్డీ, దాని మీద రెండు లావుపాటి స్ప్రింగ్‌లు. ఆ ఇంట్లోకి వచ్చి ఆరేళ్లయినా వాటి వంక ఒక్కసారి కూడా పట్టి చూడలేదు. ఎడమవైపు స్ప్రింగ్ మధ్యలో రెండు అంగుళాల ఖాళీ కనిపించింది. పొద్దున విన్న శబ్దం అదే. తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగ్ మీద బిగువు ఎక్కువ. అందుకే ఎవరూ ముట్టుకోకపోయినా అర్ధరాత్రో తెల్లవారుజామునో అలా తెగుతుందని తర్వాత తెలిసింది.

మోటార్ దగ్గర వేలాడే ఎర్రతాడు లాగితే తలుపు మోటార్ నుంచి విడిపోతుంది. అది లాగి చేత్తో ఎత్తబోయాను. మోకాలి ఎత్తు దాటలేదు. చివరికి పక్కింట్లో ఉండే అన్నదమ్ములిద్దరినీ పిలిచాను. వాళ్లు చెరోవైపు ఎత్తి పట్టుకుంటే కారు బయటికి తీశాను. దించేటప్పుడు ఒకరి చెయ్యి జారింది. తలుపు చివరి రెండు అడుగులూ దభాలున పడింది. ఎవరి కాలూ దాని కింద లేదు. కానీ ఆ శబ్దానికి నా గుండె ఆగినంత పనైంది. స్ప్రింగ్ తెగిన తలుపును అలా ఎత్తకూడదని, కారు లోపల ఉండిపోయినా ఆ పూటకు ఇంకేదైనా ఏర్పాటు చూసుకోవాలని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు తెలియదు.

జనవరి 10 మధ్యాహ్నం ఒక కంపెనీ మనిషి వచ్చాడు. ఐదు నిమిషాలు చూశాడేమో. తలుపుకు పదిహేడేళ్లు, లోపలివైపు అంటించిన లేబుల్ మీదే ఏడాది ఉంది. "మేడమ్, దీని మీద డబ్బు పెట్టడం వేస్ట్. కొత్త డోర్ వేయించుకోండి. ఈ రోజే అడ్వాన్స్ ఇస్తే డిస్కౌంట్ ఉంటుంది" అన్నాడు. కొత్తది రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట. అప్పటిదాకా ఏం చెయ్యాలని అడిగితే "వాడకండి" అన్నాడు. తలుపు ఎక్కడ పాడైందో చూపించమంటే స్ప్రింగ్ తప్ప ఏమీ చూపించలేదు. అందుకే నాకు నమ్మకం కుదరలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు.

నిజం చెప్పాలంటే ఆ మనిషి చెప్పిన ముక్క తప్పు కాదని మూడు వారాల తర్వాత తేలింది. చూడకుండా చెప్పాడు, అంతే తేడా.

జనవరి 12న తెలిసినవాళ్ల ద్వారా ఇంకో మెకానిక్ వచ్చారు. వయసులో పెద్దాయన, ఒక్కరే వచ్చారు. ముందు మోటార్ ప్లగ్ తీసేశారు. తలుపు లోపలివైపు పైనుంచి కింద దాకా టార్చ్ వేసి చూశారు. పై ప్యానెల్ (తలుపంతా ఇలాంటి అడ్డ రేకు పలకలే) మధ్యలో, తలుపును లాగే మోటార్ చెయ్యి బిగించిన చోట, రేకు మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు రెండు చూపించారు. అడుగు ప్యానెల్ మూలల్లో తుప్పు కూడా చూపించారు. "స్ప్రింగ్‌లు వేస్తే తలుపు నడుస్తుందమ్మా. కానీ ఈ రెండూ ఆలోచించుకుని ఖర్చు పెట్టుకోండి. తొందర లేదు" అన్నారు.

నాకేమో అంతా తొందరే. మూడు రోజులుగా కారు వీధిలో ఉంది, మా ఆయన ఇంకా రాలేదు, స్ప్రింగ్‌ల ఖర్చు కొత్త తలుపు ఖర్చులో ఆరో వంతే. ఆరో వంతుతో పని అయిపోతుందంటే ఆ పగుళ్లు నాకు చిన్నవిగానే కనిపించాయి. వేసెయ్యండి అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన అసలు తప్పు ఇదే.

పని మాత్రం చూడాల్సిందే. బాబునీ నన్నూ దూరంగా నిలబడమన్నారు. తలుపు అంచున ఉండే చిన్న చక్రాలు, అంటే రోలర్లు, నడిచే ఇనప దారినే ట్రాక్ అంటారు. తలుపు లేవకుండా రెండు వైపులా ఆ ట్రాక్‌కి లాకింగ్ ప్లయర్లు బిగించారు. తెగని స్ప్రింగ్ ఇంకా బిగువులోనే ఉంది, అసలు ప్రమాదం దానితోనే. దాని చివర ఉన్న దిమ్మకి నాలుగు రంధ్రాలు ఉంటాయి. వాటిల్లో సరిగ్గా పట్టే రెండు ఉక్కు కడ్డీలు మార్చి మార్చి దూర్చి పావు చుట్టు చొప్పున వదులు చేశారు. స్క్రూడ్రైవర్ లాంటివి దూర్చి తిప్పబోయి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లను చూశానని చెప్పారు. ఆ కడ్డీ మీద ఆయన ఎంత బలం వేస్తున్నారో మెడ నరాలు చూస్తేనే తెలిసింది. సొంతంగా చేసుకుంటే డబ్బు మిగులుతుందని ముందురోజు రాత్రి నాకూ అనిపించింది కానీ, అది కళ్లారా చూశాక ఆ ఆలోచన పోయింది.

స్ప్రింగ్‌లు పూర్తిగా వదులయ్యాక తలుపు కింద బరువు తూచే మిషన్ పెట్టి తూచారు. 68 కిలోలు. పదహారు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉన్న ఒంటి రేకు తలుపు. మోటార్ ఈ బరువంతా ఎత్తదని, ఎత్తేది స్ప్రింగ్‌లేనని, మోటార్ దారి చూపిస్తుందంతేనని అప్పుడే నాకు తెలిసింది. తలుపు బరువు, స్ప్రింగ్ తీగ మందం, చుట్ల లోపలి వ్యాసం, పొడవు, ఇవన్నీ లెక్క కుదరాలట. రెండు స్ప్రింగ్‌లూ కలిపే మార్చాలన్నారు. రెండూ ఒకే రోజు నుంచి ఒకేలా పనిచేశాయి కాబట్టి ఒకటి తెగాక రెండోది ఎంతో కాలం ఆగదు. కొత్తవి ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున దాదాపు ముప్పై సార్లు తిప్పి బిగించారు. గంటన్నరలో అయిపోయింది.

తర్వాత మోటార్ తగిలించకుండానే తలుపును నా నడుము ఎత్తుకి లేపి వదిలేశారు. అది గాలిలో అలాగే నిలబడింది. "ఇలా నిలబడాలమ్మా. పడిపోయినా, తనంతట తను పైకి వెళ్లిపోయినా స్ప్రింగ్ లెక్క తప్పినట్టే" అన్నారు. నన్ను ఎత్తి చూడమన్నారు. మూడు రోజుల క్రితం ఇద్దరు మగవాళ్లు కష్టపడి ఎత్తిన తలుపు రెండు వేళ్లకే లేచింది. నాకు నిజంగా కళ్లనీళ్లు వచ్చాయి. ఒంటరిగా మూడు రోజులు పడ్డ టెన్షన్ అంతా ఆ నిమిషంలో దిగిపోయింది.

స్ప్రింగ్‌ల ఆయుష్షు ఏళ్లలో కాదు, ఎన్నిసార్లు తెరిచి మూశామన్న లెక్కలో ఉంటుంది. మామూలు స్ప్రింగ్ పది వేల సార్లకు తయారవుతుంది. ఒకసారి తెరిచి మూస్తే ఒకటి. మేం వీధి తలుపు కన్నా గ్యారేజ్ తలుపే ఎక్కువ వాడతాం, రోజుకు ఆరుసార్లయినా తెరుస్తాం. ఆ లెక్కన నాలుగున్నరేళ్లు. మేం వచ్చి ఆరేళ్లు. తెగడంలో ఆశ్చర్యం లేదు. అంతకుముందు అక్టోబర్ నుంచే తలుపు దిగేటప్పుడు చివర్లో బరువుగా పడుతోంది, మోటార్ మూలుగుతోంది. మోటార్ పాతబడిందనుకున్నాం. స్ప్రింగ్ బలం తగ్గిపోయి ఆ బరువు మోటార్ మీద పడుతోందని, మోటార్ ఆ బరువును పై ప్యానెల్ మధ్యలో ఒకే చోట పట్టి గుంజుతోందని మాకు తెలియదు. ఆ పగుళ్లు అలా వచ్చినవే. స్ప్రింగ్ తెగిన రోజు పొద్దున నేను నాలుగైదు సార్లు నొక్కింది ఆ పగుళ్ల మీదే.

ఫిబ్రవరి 3 సాయంత్రం. మా ఆయన ఊరి నుంచి వచ్చేశారు. బాబు స్కూల్ బ్యాగుతో కారు దిగి తలుపు కిందినుంచి లోపలికి నడిచాడు. వాడు రెండు అడుగులు వేశాడో లేదో, నేను లోపల బటన్ నొక్కాను. తలుపు సగం దాకా దిగి ఫటేల్మంది. పై ప్యానెల్ మధ్యలో అట్టముక్కలా మడత పడిపోయింది. ఒక వైపు రోలర్ ట్రాక్ నుంచి బయటికొచ్చింది. తలుపును పైన స్ప్రింగ్‌ల కడ్డీకి కలిపే కుడివైపు కేబుల్ వదులై వేలాడింది. తలుపు ఏటవాలుగా, నేలకి మూడు అడుగుల ఎత్తులో ఇరుక్కుపోయింది. బాబు రెండు అడుగులు దాటి ఉండకపోతే అన్న ఆలోచన ఇప్పటికీ రాత్రుళ్లు వస్తుంది. తలుపు కదులుతుండగా దాని కింద ఎవరూ ఉండకూడదన్న నియమం మా ఇంట్లో అంతకుముందు లేదు. నడిచేవాళ్లు నడుస్తుంటే నేనే బటన్ నొక్కేదాన్ని.

మా ఆయన ఎర్రతాడు లాగబోయారు. ఎందుకో నేను ఆపి పెద్దాయనకి ఫోన్ చేశాను. "తాడు ముట్టుకోవద్దు. మోటార్ ప్లగ్ తీసెయ్యండి. ట్రాక్‌లో ఉన్న రోలర్ల కింద రెండు వైపులా ప్లయర్ బిగించండి, లేదంటే గట్టి కర్ర నిలబెట్టండి. పొద్దున్నే వస్తా" అన్నారు. తలుపు మూసి ఉంటేనే ఆ తాడు లాగాలట. పైన ఇరుక్కున్నప్పుడు లాగితే పట్టుకునేది ఏదీ ఉండదు, తలుపు మొత్తం మన మీద పడొచ్చు. మా దగ్గర ప్లయర్ ఒక్కటే ఉంది. రెండోవైపు మంచానికి వాడిన చెక్క నిలబెట్టాం. గ్యారేజ్ వీధికి తెరిచే ఉంది. గ్యారేజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి తాళం వేసి, దానికి అడ్డంగా బల్ల జరిపి, ఇద్దరం వంతులవారీగా మేలుకున్నాం.

ఫిబ్రవరి 4 ఉదయం ఆయన వచ్చి తలుపును దించి, కేబుల్ సరిచేసి, మడత పడిన ప్యానెల్‌కి అడ్డంగా ఒక ఉక్కు పట్టీ బిగించారు. మోటార్ విడదీసి చేత్తో వాడుకోమన్నారు. ఆయన ఒక్క మాట కూడా "నేను ముందే చెప్పాను కదా" అనలేదు. అనకపోవడం వల్ల నాకు ఇంకా బాధేసింది.

అక్కడి నుంచి అసలు తర్జనభర్జన మొదలైంది. మా ముందు మూడు దారులున్నాయి. ఇంకో పట్టీ, గట్టి బ్రాకెట్ వేయించుకుని పాత తలుపే నడిపించడం. పాడైన రెండు ప్యానెళ్లు మార్చడం. మొత్తం తలుపు మార్చడం. మా ఆయనది మొదటి దారి. "నిన్నగాక మొన్న స్ప్రింగ్‌లకి అంత పెట్టాం. ఇప్పుడు తలుపే తీసేస్తే అదంతా బూడిదలో పోసిన పన్నీరే కదా" అన్నారు. నాకేమో ఆ తలుపు కింద బాబును నడవనివ్వాలంటేనే భయంగా ఉంది. కానీ భయం ఒక్కటే చాలదని, డబ్బు నాది ఒక్కదానిదే కాదని నాకూ తెలుసు. నాలుగు రోజులు ఇంట్లో మాటలు తక్కువగానే నడిచాయి.

ప్యానెళ్లు దొరుకుతాయేమో కనుక్కుందామని ఫిబ్రవరి 6న లేబుల్ ఫొటో, ప్యానెల్ అంచు ఫొటో, మందం కొలత పంపించాం. జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ డిజైన్ తయారీ ఆగిపోయింది. వేరే కంపెనీ ప్యానెల్ చూడటానికి అలాగే ఉన్నా, ఒక ప్యానెల్ అంచు ఇంకోదాని గాడిలో కూర్చునే తీరు వేరు. సందులోంచి నీళ్లు వస్తాయి, వేలు ఇరుక్కునే ఖాళీ కూడా ఉంటుంది. దొరికినా పదిహేడేళ్ల ఎండకి వెలిసిన రంగు పక్కన కొత్త ప్యానెల్ అతుకులా కనిపిస్తుంది. రంగు సంగతి నేను సర్దుకునేదాన్ని. ఇంకో సంగతి ఉంది. రెండు ప్యానెళ్లు, వాటి పని కలిపితే కొత్త తలుపు ఖర్చులో సగం దాటుతోంది.

అయినా మా ఆయన మనసు మారింది ఆ లెక్కతో కాదు. ఫిబ్రవరి 18న పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు అడుగు ప్యానెల్ మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి చూపించారు. అక్కడ ఒక ఇనప బ్రాకెట్ ఉంటుంది. స్ప్రింగ్ బలమంతా కేబుల్ గుండా వచ్చి పట్టుకునేది దాన్నే. దాని స్క్రూలు ఎప్పుడూ ముట్టుకోకూడదు. స్ప్రింగ్ బిగువులో ఉండగా అవి ఊడితే బ్రాకెట్ తూటాలా లేస్తుంది. మా తలుపులో స్క్రూలు బాగానే ఉన్నాయి, బ్రాకెట్ బాగానే ఉంది. అవి పట్టుకున్న రేకే పొరలు పొరలుగా ఊడుతోంది. గ్యారేజ్ కడిగిన ప్రతిసారీ, వాన పడిన ప్రతిసారీ నీళ్లు ఆ మూలనే నిలిచాయి. అడుగున ఉండే రబ్బరు గట్టిపడి ఎప్పుడో పగిలిపోయింది. మేం చూసుకోలేదు. "పైన ఎన్ని పట్టీలు వేసినా ఈ మూల నిలబడాలి కదా బాబూ" అన్నారు ఆయన. మా ఆయన లేచి మట్టి దులుపుకుని, "కొత్తదే వేయిద్దాం" అన్నారు. అంతే. రెండు వారాల వాదన అక్కడ ముగిసింది.

స్ప్రింగ్ తెగినా, కేబుల్ అరిగినా, రోలర్ విరిగినా, అవన్నీ అరిగిపోవడానికే ఉన్న సామాను. తలుపు బాగుంటే వాటిని మార్చుకుంటే సరిపోతుంది. మాకు స్ప్రింగ్ తెగిన రోజు నేను చూడాల్సింది తెగిన స్ప్రింగ్‌ని కాదు, మిగతా తలుపుని. రెండే చోట్లు: మోటార్ చెయ్యి పట్టుకున్న చోటు, కేబుల్ పట్టుకున్న మూలలు. అక్కడ రేకు గట్టిగా ఉండి ఉంటే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు. ప్యానెల్ మీద చిన్న సొట్టలు, వెలిసిన రంగు, చప్పుడు, వీటి కోసం తలుపు మార్చమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కొటేషన్లు మూడు తీసుకున్నాం. మొదట చూస్తే ఒకదానికి ఒకటి చాలా తేడా. కూర్చుని చదివితే తెలిసింది. అన్నిటికన్నా తక్కువ చెప్పినవాళ్లు పాత ట్రాక్‌లే వాడతామని చిన్న అక్షరాల్లో రాశారు. ఇంకొకరు పాత తలుపు విప్పి తీసుకెళ్లడం లెక్కలో కలపలేదు. పదహారు అడుగుల పాత రేకు ప్యానెళ్లను మేమెక్కడ పడేస్తాం? రేకు మందం ఒక్కరే రాశారు. మందం గేజ్‌లలో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 28 గేజ్ కన్నా 24 గేజ్ గట్టిది. ఇది తెలియక నేను పెద్ద అంకె మంచిదనుకున్నాను. పెద్దాయన కొటేషన్ మధ్యస్థంగా ఉంది, అన్నీ రాసి ఉన్నాయి. తనే తెప్పించి బిగిస్తానన్నారు. ఫిబ్రవరి 24న అడ్వాన్స్ ఇచ్చాం, ఖర్చులో సగం.

ఆ రోజే నన్ను బాగా నొప్పించిన సంగతి తెలిసింది. మేం ఎంచుకున్నది రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన తలుపు, గ్యారేజ్ పైన మా పడకగది ఉంది కాబట్టి. దాని బరువు 92 కిలోలు. ఆరు వారాల క్రితం వేయించిన కొత్త స్ప్రింగ్‌లు 68 కిలోల లెక్కకి చేసినవి, దీనికి పనికిరావు. మళ్లీ కొత్తవి కొనాలి. ఒంటి రేకు తలుపే తీసుకుంటే పాతవి సరిపోతాయేమో అని కూడా అడిగాను. బరువు దగ్గరగా వస్తే చూడొచ్చు కానీ, స్ప్రింగ్ కోసం తలుపు ఎంచుకోవద్దన్నారు. ఆ స్ప్రింగ్‌లు ఇంకెవరికైనా కొలత కుదిరితే వాడతానని తీసుకుని కూలీలో కొంత తగ్గించారు. తగ్గించక్కర్లేదు, తప్పు నాదే. ఈసారి మాత్రం పాతిక వేల సార్లకు తయారైన స్ప్రింగ్‌లు అడిగాను. అదనంగా అయింది చాలా తక్కువ. మా వాడకానికి పదకొండేళ్లకు పైనే వస్తాయి. అలాంటివి ఉంటాయని ఎవరూ తమంతట తాము చెప్పరు, అడగాలి.

నాలుగు వారాలన్నారు. ఐదో వారం చివర్లో, మార్చి 30న ప్యానెళ్లు వచ్చాయి. విప్పి చూస్తే మూడో ప్యానెల్ మూల నొక్కుకుపోయి ఉంది. సంతకం పెట్టకముందే అట్టపెట్టె విప్పి చూడమని పెద్దాయన గట్టిగా చెప్పబట్టి సరిపోయింది. మార్పిడికి ఇంకో పది రోజులు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రం మా ఆయనే పాత తలుపును చేత్తో ఎత్తేవారు. నేను బాబును అవతల వీధిలో నిలబెట్టేదాన్ని.

ఏప్రిల్ 11న బిగించారు. ఆయన, ఆయన మేనల్లుడు కలిసి పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మూడయింది. ముందురోజే గ్యారేజ్ ఖాళీ చెయ్యమన్నారు. మేం కారు, సైకిళ్లు తీస్తే చాలనుకున్నాం. గోడ పక్క అరలు కూడా తీయాల్సి వచ్చింది, ట్రాక్ బిగించడానికి రెండు వైపులా మనిషి నిలబడే చోటు కావాలి. పాత తలుపు పైనుంచి ఒక్కో ప్యానెల్‌గా ఊడింది. అడుగు ప్యానెల్ తీసుకెళ్తుంటే ఆ మూల రేకు మేనల్లుడి చేతిలోనే విరిగి ముక్కొచ్చింది. మా ఆయన నా వంక చూశారు. ఇద్దరం ఏమీ అనలేదు.

మోటార్ పాతదే ఉంచాం. తలుపు స్ప్రింగ్‌ల మీద సరిగ్గా తూగితే ఆ మోటార్ చాలన్నారు. అది ఎక్కడ ఆగాలో, ఎంత బలం వాడాలో మళ్లీ నేర్పించాల్సి వచ్చింది. కింద ఇరువైపులా ఉండే సెన్సర్లు (వాటి మధ్య వెళ్లే వెలుగుకి ఏదైనా అడ్డొస్తే దిగే తలుపు వెనక్కి లేస్తుంది) మా ఇంట్లో నేలకి అడుగు ఎత్తులో ఉన్నాయి. ఆరు అంగుళాలు దాటకూడదట. ఆరేళ్లుగా అడుగు ఎత్తులో ఉన్నాయంటే, బాబు రెండేళ్ల వయసులో అక్కడ నేల మీద పడుకుని ఉన్నా వాడి మీదుగానే ఆ వెలుగు వెళ్లి ఉండేది. వాటిని దించి బిగించారు. ఆ తర్వాత అంగుళంన్నర మందం చెక్క నేల మీద పడుకోబెట్టి తలుపు మూశారు. చెక్కకు తగలగానే తలుపు ఆగి వెనక్కి లేచింది. మూడుసార్లు చేయించి చూశాను.

ఒక చిన్న సమస్య మిగిలింది. తలుపు మూశాక ఎడమ మూలలో వెలుతురు కనిపించింది. నేల అటువైపు అంగుళం వాలు ఉంది, పాత తలుపు తుప్పు పట్టిన మూల కూడా అదే. కింద ఇంకాస్త లావు రబ్బరు తెచ్చి రెండు రోజుల తర్వాత వేశారు. ఇప్పుడు నీళ్లు నిలవకుండా కడిగిన ప్రతిసారీ ఆ మూల తుడుస్తున్నాను. నెలకోసారి తలుపు మూసి ఉండగా ఎర్రతాడు లాగి, చేత్తో నడుము దాకా ఎత్తి నిలబడుతుందో లేదో చూస్తున్నాం. రోలర్లు నైలాన్‌వి వేశారు. చప్పుడు ఎంత తగ్గిందంటే, మొదటి రోజు మా ఆయన కారు లోపలికి పెట్టినా పై గదిలో ఉన్న నాకు వినపడలేదు.

వెళ్లే ముందు పెద్దాయన మార్కర్ తీసి, తలుపు లోపలివైపు నా కంటి ఎత్తులో రాశారు: ఏప్రిల్ 11, తలుపు 92 కిలోలు, స్ప్రింగ్ 25,000. కింద స్ప్రింగ్ కొలతలు. మాకు ముందున్నవాళ్లు ఇలా రాసి ఉంటే మాకు తెలిసేదన్నారు. బాబు ఆ మార్కర్ అడిగి తీసుకుని దాని పక్కనే పెద్ద అక్షరాలతో ఇంకో లైన్ రాశాడు: "తలుపు ఆగాకే నడవాలి."